కాల్‌లో స్క్రీన్ నల్లబడే జబ్బు: కర్నూలు రాజ్‌విహార్ దగ్గరి రిపేర్ షాపు మీద నా రివ్యూ

కర్నూల్లో ఫోన్ రిపేర్ షాపులకు కొదవ లేదు. రాజ్‌విహార్ చుట్టుపక్కల నాలుగడుగులు వేస్తే ఒకటి తగులుతుంది. కానీ ఫోన్ విప్పే ముందు అసలు జబ్బేంటో తేల్చి, దాన్ని మన కళ్ల ముందు చూపించే షాపులు చాలా తక్కువ. సందులో ఉన్న ఈ చిన్న షాపు అలాంటిది, అందుకే ఐదు స్టార్లు ఇచ్చి ఇంత పొడుగు రాస్తున్నాను. "వర్క్ బాగుంది, రేటు పర్లేదు" అని ఒక్క లైను రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏం చెక్ చేశారు, ఏది ముందు ఏది తర్వాత చేశారు, దేనికి డబ్బు తీసుకున్నారు, దేనికి తీసుకోలేదు అన్నది తెలిస్తేనే ఇదే జబ్బుతో వెళ్లే ఇంకొకరు అనవసరంగా వేలు పోసుకోకుండా ఉంటారు.

ఫోన్ మా నాన్నది. మాది కోడుమూరు వైపు పల్లె, ఉల్లి వేస్తాం, సరుకు కర్నూలు మార్కెట్ యార్డుకే తెస్తాం. బండి ఎక్కడి దాకా వచ్చింది, ఈరోజు క్వింటా ఎంత పలికింది, హమాలీలు దొరికారా లేదా, అన్నీ ఫోన్ మీదే నడుస్తాయి. అలాంటిది కాల్ కలవగానే స్క్రీన్ నల్లబడిపోయి, చెవి దగ్గర్నుంచి తీసినా వెలగడం మానేసింది. కాల్ కట్ చేయడానికి లేదు, స్పీకర్ పెట్టడానికి లేదు, మధ్యలో ఇంకో కాల్ వస్తే ఎవరిదో చూడ్డానికి లేదు. బ్యాంకుకు ఫోన్ చేస్తే తెలుగు కోసం ఫలానా అంకె నొక్కమంటుంది, నొక్కడానికి అంకెలు కనపడితే కదా. "అవతలోళ్లు పెట్టేస్తే తప్ప ఇది లేవదురా" అని నాన్న ఒకటే విసుక్కునేవాడు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ నొక్కినా అదే గోల, ఫోన్ చేతిలోనే ఉన్నా చెవి దగ్గర పెట్టుకున్నట్టు లెక్కేసి శబ్దం స్పీకర్‌లో కాకుండా పైన ఈయర్‌పీస్‌లో సన్నగా వచ్చేది, ఆ వెంటనే స్క్రీన్ ఆరిపోయేది. జేబులోంచి తీసి లాక్ తెరవబోతే స్క్రీన్ పైభాగాన్ని కప్పొద్దని మెసేజ్ కూడా అప్పుడప్పుడు వచ్చేది, అక్కడ ఏమీ కప్పి ఉండదు.

ఇవన్నీ కలిసి కనిపిస్తే అనుమానించాల్సింది ప్రాక్సిమిటీ సెన్సార్‌ని. ఈయర్‌పీస్ పక్కనే ఉండే చిన్న భాగం అది. అందులో కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు వదిలే ఒక చిన్న ఎల్ఈడీ, దాని పక్కనే తిరిగొచ్చిన వెలుగును పట్టుకునే ఇంకో భాగం ఉంటాయి. చెంప దగ్గరికి రాగానే వెలుగు దానికి తగిలి వెనక్కి వస్తుంది, అప్పుడు ఫోన్ స్క్రీన్ ఆర్పేస్తుంది, మనం మాట్లాడేటప్పుడు చెంప తగిలి మ్యూట్ పడకుండా, కాల్ కట్ అవకుండా. ఎక్కువ ఫోన్లలో ఇది దూరాన్ని కచ్చితంగా కొలవదు, దగ్గరగా ఏదో ఉంది లేదా లేదు అనే రెండు జవాబులే ఇస్తుంది, ఆ హద్దు సుమారు 5 సెంటీమీటర్లు. అంటే నాన్న ఫోన్‌లో సెన్సార్ ఎప్పుడూ "ఉంది" అనే చెబుతోంది. ఎందుకు అలా చెబుతోంది అన్నదే తేల్చాల్సిన సంగతి, రిపేర్ అంటే అక్కడే మొదలవ్వాలి.

ముందు వెళ్లిన చోట అది మొదలే కాలేదు. ఆ షాపు పేరు రాయను, ఊళ్లో ఇంకా చాలా చోట్ల ఇదే తంతు. ఫోన్ చేతిలోకి తీసుకుని ఇటూ అటూ తిప్పి, ఒక్క కాల్ కూడా చేసి చూడకుండా, "డిస్‌ప్లే పోయింది, కాంబో మార్చాలి, రెండు వేల ఎనిమిది వందలు అవుతుంది, ఇచ్చిపోతే సాయంత్రానికి రెడీ" అన్నారు. కాంబో అంటే డిస్‌ప్లే, దాని మీది టచ్ గ్లాస్ కలిసి ఉండే ముక్క. డిస్‌ప్లే పోతే కాల్‌లో మాత్రమే ఎందుకు ఆరిపోతుంది, వీడియో చూస్తున్నప్పుడు గంటసేపైనా ఎందుకు బాగుంటుంది అని అడిగితే జవాబు లేదు. నాన్న ఫోన్ తీసి జేబులో వేసుకుని బయటికి నడిచాడు, నాకు అది చాలా నచ్చింది.

ఇక ఈ షాపు. ఒక మనిషి పట్టేంత కౌంటర్, దాని మీద ఒక భూతద్దం లైటు, వెనకాల చిన్న చిన్న డబ్బాల్లో పాత ఫోన్ల భాగాలు మోడల్ పేర్లు రాసిపెట్టి ఉన్నాయి. పని చేసే ఆయన్ని అందరూ భాయ్ అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను. ఫోన్ ఇవ్వగానే పిన్ అడగలేదు, "మీరే తెరిచి ఇయ్యండి పెద్దాయనా" అన్నాడు. నాన్నకు ఆ ఒక్క మాటతోనే సగం నమ్మకం కుదిరింది.

మొదట తన నంబర్‌కే కాల్ చేయించాడు. స్క్రీన్ ఆరిపోయింది. కాల్ కట్ చేసి, ఇంకోసారి చేయించి, రింగ్ అవుతుండగానే, ఆరిపోయేలోపు స్పీకర్ బటన్ నొక్కేశాడు. స్క్రీన్ వెలుగుతూనే ఉంది. తర్వాత ఇయర్‌ఫోన్స్ గుచ్చి చేశాడు, అప్పుడూ వెలుగుతూనే ఉంది. "చూడన్నా, స్పీకర్ పెట్టినా, ఇయర్‌ఫోన్ పెట్టినా ఫోన్ ఈ సెన్సార్ మాట వినదు. అప్పుడు స్క్రీన్ బాగుందంటే డిస్‌ప్లేకు ఏం కాలేదు, బోర్డుకూ ఏం కాలేదు" అన్నాడు. ఇది మీరు ఇంట్లోనే చేసి చూసుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. స్పీకర్ మీద మాట్లాడుతున్నా స్క్రీన్ చచ్చిపోతుంటే మాత్రం జబ్బు ఇంకోటి.

ఆ తర్వాత టెస్ట్ మెనూ తెరిచాడు. డయల్ చేసే చోట కోడ్ కొడితే వచ్చే మెనూ ఇది, శాంసంగ్‌లో అయితే *#0*# కొట్టి సెన్సార్ అనే గడి నొక్కాలి, షావోమీ ఫోన్లలో *#*#6484#*#*. కంపెనీని బట్టి కోడ్ మారుతుంది, కొన్నింట్లో అసలు తెరుచుకోదు. అలాంటప్పుడు సీపీయూ-జెడ్ లాంటి యాప్ వేసుకుని సెన్సార్స్ పేజీలో ప్రాక్సిమిటీ పక్కన అంకె చూస్తే సరిపోతుంది. చెయ్యి అడ్డం పెట్టినప్పుడు అంకె మారాలి, తీసేస్తే మళ్లీ మారాలి. సున్నా అంటే దగ్గరగా ఏదో ఉందని, 5 అంటే ఏమీ లేదని. నాన్న ఫోన్‌లో చెయ్యి పెట్టినా తీసినా అదే సున్నా. యాప్‌ల వల్ల కూడా ఒక్కోసారి ఇలా అవుతుందని ఫోన్‌ను సేఫ్ మోడ్‌లో, అంటే మనం వేసుకున్న యాప్‌లు నడవకుండా, ఆన్ చేసి చూశాడు, అక్కడా అదే సున్నా, కాబట్టి అదీ కాదు.

అప్పుడు టెంపర్ గ్లాస్ తీయాలి, తీస్తే పగులుతుంది, సరేనా అని అడిగాడు. గ్లాస్ పాతదే, పైన అంచు దగ్గర లేచిపోయి కింద మట్టి చేరి ఉంది. మా ఊళ్లో ఉల్లి కోసి తోకలు తీసే రోజుల్లో ఎగిరే పొట్టు, దుమ్ము, చెమట, అన్నీ కలిసి అక్కడ ఒక గోధుమరంగు గీతలా పేరుకుని ఉన్నాయి. చాలా కేసులు ఇక్కడితోనే అయిపోతాయట. గ్లాస్ తీసి, మెత్తటి గుడ్డకు ఐపీఏ (ఐసోప్రొపైల్ ఆల్కహాల్) కొంచెం అద్ది తుడిస్తే సెన్సార్ మామూలైపోతుంది, అలాంటి వాళ్ల దగ్గర భాయ్ కొత్త గ్లాస్ డబ్బులు తప్ప ఏమీ తీసుకోడు, నా ముందే ఒక కాలేజీ పిల్లను అలాగే పంపించాడు. మాకు తుడిచాక అంకె ఒక్క క్షణం 5 చూపించి మళ్లీ సున్నాకు వచ్చేసింది. భాయ్ దాన్ని చూసి, "సెన్సార్ చావలేదు, ఎక్కడో ఇబ్బంది పడతాంది" అన్నాడు.

ఇక్కడ చేసిన పని నాకు అన్నిటికంటే నచ్చింది. కౌంటర్ కింద నుంచి ఒక టీవీ రిమోట్ తీశాడు. తన ఫోన్ సెల్ఫీ కెమెరా ఆన్ చేసి, రిమోట్ ముందు భాగం దానికి చూపిస్తూ బటన్ నొక్కితే, కంటికి ఏమీ కనపడదు గానీ కెమెరాలో వంకాయరంగు చుక్క మెరిసింది. రిమోట్‌లోనూ ఇన్‌ఫ్రారెడ్ ఎల్ఈడీయే ఉంటుంది. వెనక కెమెరాలకు ఈ వెలుగును ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది కాబట్టి చాలా ఫోన్లలో సెల్ఫీ కెమెరాలోనే ఇది కనిపిస్తుంది, ఏ కెమెరాతో చూస్తున్నామో అది ఇన్‌ఫ్రారెడ్‌ను చూడగలదా లేదా అని ముందు రిమోట్‌తో తేల్చుకోవాలి. తర్వాత నాన్న ఫోన్ నుంచి కాల్ చేయించి, ఈయర్‌పీస్ పక్కన అదే కెమెరా పెట్టి, నాన్నను, నన్ను దగ్గరికి పిలిచి చూపించాడు. సన్నటి చుక్క, మినుకు మినుకుమంటూ. అంటే ఎల్ఈడీ బతికే ఉంది, వెలుగు వదులుతోంది, గ్లాస్ దాటి బయటికి కూడా వస్తోంది. అరవై దాటిన మా నాన్న ఆ చుక్కను చూసి, "ఇది నా ఫోన్‌లోనిదేనా" అని రెండోసారి వంగి చూశాడు. జబ్బు ఏంటో తెలియకపోతే మనిషికి టెన్షన్, కళ్లతో చూస్తే సగం తగ్గుతుంది, ఈ సంగతి తెలిసిన షాపువాళ్లు ఎంతమంది ఉంటారు.

చుక్క కనపడకపోతే దారి వేరు. అప్పుడు సెన్సార్ ఉన్న స్ట్రిప్ (సన్నటి పట్టీ) మార్చాలి, లేదా ఎవరో నాసిరకం డిస్‌ప్లే వేసి ఉండాలి. డిస్‌ప్లే గ్లాస్‌లో సెన్సార్ ఎదురుగా నల్లగా కనిపించే కిటికీ మామూలు నలుపు కాదు, మన కంటికి నల్లగా ఉంటూనే ఇన్‌ఫ్రారెడ్‌ను పోనిచ్చే ప్రత్యేకమైన ఇంక్ అది. చవక కాపీల్లో అక్కడ మామూలు నలుపు పూసేస్తే వెలుగు బయటికే రాదు, ఎంత తుడిచినా లాభం ఉండదు.

"ఈ ఫోన్‌కు డిస్‌ప్లే ఎప్పుడన్నా మార్చినారా" అని అడిగాడు భాయ్. మార్చారు, కిందటేడు పొలంలో పడి పగిలితే వేరే చోట మార్పించాం. "అట్లయితే లోపల రబ్బర్ ఉండదు, లేకుంటే గమ్ కారి ఉంటాది" అన్నాడు, ఇంకా ఫోన్ విప్పలేదు, ఓపెనర్ కూడా చేతిలోకి తీసుకోలేదు. ఎల్ఈడీకి, వెలుగు పట్టుకునే భాగానికి మధ్య ఒక చిన్న నల్ల రబ్బర్ ముక్క గోడలా ఉంటుంది. అది లేకపోతే వదిలిన వెలుగు బయటికి పోకముందే గ్లాస్ లోపలి వైపు తగిలి నేరుగా పక్క భాగంలోకి దూరుతుంది, ఎదురుగా ఏమీ లేకున్నా చెంప ఉన్నట్టే సెన్సార్ అనుకుంటుంది. డిస్‌ప్లే మార్చేటప్పుడు తొందరలో ఈ ముక్క పాత డిస్‌ప్లేకు అంటుకుని చెత్తబుట్టలోకి పోవడం మామూలేనట. గోరు మీద సగం కూడా లేని రబ్బర్ ముక్క.

విప్పే ముందు మూడు మాటలు చెప్పాడు, మూడూ మళ్లీ అడిగి ఖాయం చేసుకున్నాను. డిస్‌ప్లే వేడి చేసి లేపేటప్పుడు పగిలే ప్రమాదం కొంచెం ఉంది, పగిలితే కొత్త డిస్‌ప్లే తన ఖర్చుతో వేస్తాడు. నాలుగు వందల యాభై తీసుకుంటాడు, లోపల ఇంకేదైనా బయటపడితే ముందు ఫోన్ చేసి చెప్పకుండా చెయ్యి పెట్టడు. సెన్సార్ బాగవకపోతే చెక్ చేసినందుకు వంద మాత్రమే. ఈ వంద గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. జబ్బు కనిపెట్టడమే అసలు పని, దానికి విడిగా డబ్బు ఇవ్వడానికి మనం సిద్ధపడాలి. చూసినందుకు పైసా ఇవ్వం అని మనం అంటుంటే, షాపువాళ్లు ఆ నష్టాన్ని అక్కర్లేని డిస్‌ప్లే మార్చి రాబట్టుకుంటారు.

లోపల భాయ్ చెప్పినట్టే ఉంది. రబ్బర్ లేదు, పైగా ఈయర్‌పీస్ పక్కన రాసిన గమ్ సెన్సార్ మీదికి పారి, ఎండి, పసుపుపచ్చ పొరలా గట్టిపడి ఉంది. భూతద్దం కింద పెట్టి మా ఇద్దరికీ చూపించాడు. గమ్‌ను గీకలేదు, ఐపీఏ చుక్క వేసి నానబెట్టి, చెవుల్లో పెట్టుకునే దూది పుల్ల లాంటిదే ఇంకా సన్నటిది పెట్టి కొంచెం కొంచెంగా తీశాడు. వెనకాల డబ్బాల్లో వెతికి అదే మోడల్ పాత ఫోన్ నుంచి రబ్బర్ ముక్క తీసి పెట్టాడు. తర్వాత చాలామంది చేయని పని చేశాడు, డిస్‌ప్లేను గమ్ లేకుండా ఊరికే ఆనించి, ఫోన్ ఆన్ చేసి, ముందు టెస్ట్ చూశాడు. చెయ్యి పెడితే సున్నా, తీస్తే 5. మళ్లీ పెడితే సున్నా, తీస్తే 5. అప్పుడు గమ్ రాసి, చుట్టూ క్లిప్పులు పెట్టి, గమ్ పట్టేదాకా సాయంత్రం వరకు ఉంచమన్నాడు. సిమ్ తీసుకుని యార్డుకు వెళ్లిపోయాం.

సాయంత్రం ఫోన్ ఇచ్చేటప్పుడు టెస్ట్ మెనూలో కాలిబ్రేషన్, అంటే సెన్సార్ లెక్కను మళ్లీ సరిచేసే ఆప్షన్ నొక్కాడు, అది కొన్ని ఫోన్లలోనే ఉంటుంది, ఎదురుగా ఏమీ లేకుండా బల్ల మీద పెట్టి చేయాలి. తర్వాత కాల్, వాట్సాప్ వాయిస్ మెసేజ్, పౌచ్ వేసి ఒకసారి, వేయకుండా ఒకసారి. ఎండలోకి పోయి కూడా చూడమన్నాడు, ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది కాబట్టి కొన్ని ఫోన్లు నేరుగా ఎండ పడితే తికమక పడతాయి. నాన్న మాట్లాడేది ఎక్కువగా పొలంలో నిలబడే కాబట్టి ఆ మాట నాకు పనికొచ్చింది, మర్నాడు మధ్యాహ్నం చూశాం, బాగానే ఉంది. కొత్త గ్లాస్ వేసేటప్పుడు సెన్సార్ దగ్గర కోత ఉన్నదే వేశాడు. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద పవర్ బటన్‌తో కాల్ కట్ అయ్యేలా పెట్టిచ్చాడు, మళ్లీ ఎప్పుడైనా స్క్రీన్ మొండికేసినా నాన్న ఇబ్బంది పడకుండా. మీ సెన్సార్ పోయి రిపేర్‌కు తీరిక లేకపోతే ఈ ఒక్క సెట్టింగ్ ఇప్పుడే పెట్టుకోండి, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉంటుంది.

మా అమ్మ ఫోన్‌కు దీనికి సరిగ్గా తిరగేసిన ఇబ్బంది, చెవి దగ్గర పెట్టుకున్నా స్క్రీన్ ఆరదు, చెంప తగిలి మ్యూట్ పడిపోతుంది. అదీ చూపించాం. సెన్సార్ బాగానే ఉంది. నల్లటి జుట్టు ఇన్‌ఫ్రారెడ్‌ను సరిగా వెనక్కి పంపదు, అమ్మ చెవి మీద జుట్టు, పైన కొంగు, వాటి మీద ఫోన్ పెట్టి మాట్లాడుతుంది. జుట్టు పక్కకు తోసి పెట్టమ్మా అని చెప్పి పంపేశాడు, డబ్బులు అడగలేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తెలిసింది. ఈమధ్య వచ్చే కొన్ని ఫోన్లలో అసలు ఇన్‌ఫ్రారెడ్ సెన్సారే ఉండదు, ఈయర్‌పీస్ నుంచి మనకు వినపడని శబ్దం పంపి, మైక్‌తో దాని ప్రతిధ్వని పట్టుకుని సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. నార్వేకు చెందిన ఎలిప్టిక్ ల్యాబ్స్ ఈ పద్ధతి తయారు చేస్తుంది, 2016లో షావోమీ మి మిక్స్‌లో వచ్చింది. అలాంటి ఫోన్‌కు కెమెరాలో చుక్క వెతికితే కనపడదు, కనపడలేదు కదా అని స్ట్రిప్ మార్చమంటే మోసపోతాం. మా కజిన్ ఫోన్ అలాంటిదే, భాయ్ ఈయర్‌పీస్ జాలీలో పేరుకున్న మురికి బ్రష్‌తో తీసి, ఇంతకుమించి నా చేతిలో లేదు, అప్‌డేట్ వేసుకుని చూడు, అప్పటికీ పోకపోతే కంపెనీ సర్వీస్ సెంటర్‌కు పో అని నేరుగా చెప్పేశాడు. రాని పని వచ్చని చెప్పలేదు.

లోటుపాట్లు కూడా రాయాలి. బిల్లు అడిగితే గానీ ఇవ్వరు, అడగండి, తప్పకుండా తీసుకోండి, చేసిన పని, తేదీ, వారంటీ రాయించుకోండి. మాకు నెల రోజులని రాసిచ్చాడు. కిందటేడు డిస్‌ప్లే మార్చిన చోట బిల్లు లేకపోవడం వల్లే ఈ రబ్బర్ సంగతి వాళ్లను అడగడానికి మా దగ్గర కాగితం ముక్క లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేద్దామన్నా చూపించడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఒక్కడే పని చేస్తాడు కాబట్టి ఆలస్యం అవుతుంది, తొందరపెడితే ఫోన్ తిరిగి ఇచ్చేస్తాడు. బండి పెట్టడానికి సందులో చోటు లేదు, మెయిన్ రోడ్డు మీదే పెట్టి నడవాలి. నీళ్లు దూరవని కంపెనీ చెప్పిన ఫోన్ ఒకసారి విప్పాక ఆ సీలు మునుపటిలా ఉంటుందని నమ్ముకోవద్దని కూడా ఆయనే చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు మూసేస్తాడు. సాయంత్రం ఆఫీసులు వదిలాక నిలబడేందుకు కూడా చోటుండదు, పొద్దున షాపు తెరిచిన వెంటనే వెళ్తే తీరిగ్గా చూస్తాడు. వెళ్లేటప్పుడు టెంపర్ గ్లాస్, పౌచ్ తీసేయకుండా ఉన్నది ఉన్నట్టే తీసుకెళ్లండి, డిస్‌ప్లే ఇంతకుముందు మార్చి ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి.